ఫెన్స్ వెనక పొలం మీది కాదు

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా ఫ్రిస్కోలో అద్దెకి ఉంటున్నాం. పెద్దవాడు ఆరో క్లాసు, చిన్నది రెండు. ఇక్కడ ఇళ్ల రేట్లు మాకు అందడం లేదు. మావారిది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. ఈమధ్య డాలస్‌కి తూర్పున కాఫ్‌మన్ కౌంటీలో, ఫోర్నీ దాటాక, రెండెకరాల్లో ఒక ఇల్లు చూసి వచ్చారు. వెనక అంతా పచ్చిక, ఆవులు. "అచ్చం మనూరే" అని ఒకటే సంబరం. రెండు మేకల్ని కట్టేస్తే ప్రాపర్టీ టాక్స్ కూడా తగ్గిపోతుందని ఎవరో చెప్పారట. నేను వారానికి మూడు రోజులు ప్లేనోలో ఆఫీసుకి వెళ్లాలి. మా మావయ్యగారు వచ్చారంటే ఆరు నెలలు ఉంటారు, ఆయనకి డ్రైవింగ్ రాదు. నేను కాస్త ఆలోచిద్దాం అంటే "నీకు పల్లెటూరంటే చిన్నచూపు" అంటున్నారు. కొనమంటారా, వద్దంటారా? ఇంకొకటి, నవ్వకండి: అక్కడ మునగచెట్టు బతుకుతుందా?
ఓ పాఠకురాలు, ఫ్రిస్కో

సమాధానం:

ముందు మీవారి తరఫున ఒక మాట చెప్పాలి. ఆయన దేన్ని చూసి ముచ్చటపడ్డారో మేమూ దాన్నే చూసి పడిపోయాం. పన్నెండేళ్ల కిందట ఇదే కౌంటీలో మేం ఇల్లు కొన్నప్పుడు పెరట్లో ఫెన్స్ అవతల గడ్డి పొలం ఉండేది. ఎండాకాలం మొదట్లో గడ్డి కోసి, గుండ్రంగా చుట్టలు చుట్టి వదిలేవాళ్లు. సాయంత్రం ఎండ వాటి మీద పడుతుంటే మావారు కుర్చీ వేసుకుని టీ తాగుతూ కూర్చునేవారు. ఒకరోజు పొద్దున్నే చూస్తే పొలం నిండా వరసగా చెక్క మేకులు, వాటి తలలకి గులాబీ రంగు రిబ్బన్లు. మా చిన్నది ఎవరిదో బర్త్‌డే అనుకుంది. సర్వేవాళ్లు పాతి వెళ్లినవి అవి. ఏడాదిన్నర తిరిగేసరికి అదే కుర్చీలోంచి మాకు కనిపించేది ఒక రెండంతస్తుల ఇల్లు, దాని బాత్‌రూమ్ కిటికీ.

ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేదు. ఆ పొలం మాది కాదు. మేం కొన్నది ఇల్లు మాత్రమే. గడ్డి చుట్టల మీద ఎండ మాకు ఊరికే వచ్చింది, ఊరికే పోయింది. అసలు మా ఇల్లు లేచినప్పుడు ఇంకెవరి కిటికీకి అడ్డం వచ్చామో!

కాబట్టి మీవారిని నేను అడిగే మొదటి ప్రశ్న: ఆ ఆవులు మేస్తున్న పొలం ఎవరిది? ఆ పెద్దాయనకి ఎన్నేళ్లు? పిల్లలు ఎక్కడ ఉంటారు? ఇది వెటకారం కాదు. ఇక్కడ పొలాలు మామూలుగా చేతులు మారేది పెద్దాయన పోయినప్పుడే. పిల్లలు ఆస్టిన్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటారు, బిల్డర్ చెక్కు పట్టుకుని రెడీగా ఉంటాడు. పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ మ్యాప్‌లో ఏ ముక్క ఎవరి పేరు మీద ఉందో ఎవరైనా చూసుకోవచ్చు. పేరు స్థానంలో ఏ ఎల్‌ఎల్‌సీయో, డెవలప్‌మెంట్ కంపెనీయో కనిపించిందంటే రిబ్బన్లు దారిలో ఉన్నట్టే.

ఈ కౌంటీ పరుగు మామూలు పరుగు కాదు. 2010 జనాభా లెక్కల్లో ఇక్కడ 1,03,350 మంది. 2020లో 1,45,310. 2023 జూలైకి అంచనా 1,85,000 దాటింది. ఆ ఒక్క ఏడాదిలోనే 7.6 శాతం పెరిగి, 20,000 పైగా జనం ఉన్న కౌంటీల్లో అమెరికా మొత్తానికి మొదటి స్థానంలో నిలిచింది. 'మనూరు' ఇలా పెరగదు. మనూళ్లలో పిల్లలు లేచి వెళ్లిపోతుంటారు, ఇక్కడ లేచి వస్తున్నారు. హైదరాబాద్ చుట్టూ వెంచర్లు వేసిన ఊళ్లు చూశారుగా, అలా పోల్చుకోండి.

ఇంకో చిక్కు ఉంది, మనవాళ్లు చాలామంది పట్టించుకోరు. కౌంటీ అంటే మనం జిల్లా అనుకుంటాం, జిల్లా అంటే ఎక్కడో ఒక కలెక్టర్ కూర్చుని అన్నీ చూసుకుంటాడనుకుంటాం. టెక్సస్ కౌంటీని నడిపేది కమిషనర్స్ కోర్టు: కౌంటీ జడ్జి ఒకరు, కమిషనర్లు నలుగురు, అందరూ ఎన్నికైన వాళ్లే. పేరులో కోర్టు ఉన్నా అది పాలకమండలి. ఏ స్థలంలో ఇల్లు కట్టాలి, ఎక్కడ ఫ్యాక్టరీ పెట్టాలి అని జోనింగ్ చేసే అధికారం ఇక్కడ సిటీలకి ఉంది, కౌంటీలకి దాదాపుగా లేదు. మీవారు చూసిన ఇల్లు సిటీ లిమిట్స్ బయట ఉంటే, పక్క స్థలంలో రేపు కాంక్రీట్ ప్లాంట్ వచ్చినా, ఆర్‌వీలు (ఇల్లులాంటి పెద్ద బళ్లు) పార్క్ చేసుకునే షెడ్లు వచ్చినా కౌంటీకి వెళ్లి ఆపమంటే వాళ్లు పెద్దగా చేయగలిగింది ఉండదు. "ఇక్కడ మన ఇష్టం, ఎవరూ అడగరు" అని ఏజెంట్ అంటాడు. నిజమే. పక్కవాణ్ని కూడా ఎవరూ అడగరు.

సిటీ లిమిట్స్ లోపలైతే అంతా సాఫీగా ఉంటుందనీ కాదు. ఉత్తరాన కాలిన్ కౌంటీలో ప్రిన్స్‌టన్ చూడండి. 2020లో 17,027 మంది ఉన్న ఊరు 2024కి 37,000 దాటి, దేశంలోనే అన్నిటికంటే వేగంగా పెరిగిన సిటీ అయింది. నీళ్లు, డ్రైనేజీ, రోడ్లు, పోలీసులు ఏవీ చాలక 2024 సెప్టెంబర్‌లో కొత్త ఇళ్ల పర్మిట్లు 120 రోజులు ఆపేశారు. పెరిగే ఊళ్లో ఇళ్లు ముందు వస్తాయి, మిగతావన్నీ వెనక నింపాదిగా వస్తాయి. స్కూళ్లూ అంతే. ఈ ఏడాది మీ ఇంటికి కేటాయించిన స్కూలే రెండేళ్ల తర్వాత ఉంటుందన్న నమ్మకం లేదు. కొత్త స్కూలు కట్టగానే గీతలు మళ్లీ గీస్తారు.

ఇక మీ మూడు రోజుల ప్లేనో. అక్కడి రోడ్ల పేర్లకి ముందు ఎఫ్‌ఎం అని ఉంటుంది, ఎఫ్‌ఎం 548, ఎఫ్‌ఎం 740 అలా. 'ఫార్మ్ టు మార్కెట్' అని అర్థం. రైతు పంటని బజారుకి తోలుకెళ్లడానికి వేసిన రెండు లేన్ల రోడ్లు అవి. ఇప్పుడు వాటి మీద సబ్‌డివిజన్లకి (ఇళ్ల కాలనీలకి) సబ్‌డివిజన్లే ఆఫీసులకి బయలుదేరుతున్నాయి. మీరైతే ఐ-30 ఎక్కి, రే హబ్బర్డ్ చెరువు దాటి, జార్జ్ బుష్ టోల్ రోడ్డు పట్టుకోవాలి. రోడ్డు ఖాళీగా ఉంటే ముప్పావు గంట పైచిలుకు. పొద్దున్న ఏడింటికి బయలుదేరితే గంటుంబావు అనుకోండి, వాన పడిందంటే ఇక లెక్కే లేదు. మీవారు ఆ ఇంటిని శనివారం మధ్యాహ్నం చూసి ఉంటారు. అందరూ శనివారమే చూస్తారు. సెలవు పెట్టుకుని ఒక మంగళవారం తెల్లవారుజామున ఆ ఇంటి ముందుకి వెళ్లి, అక్కణ్నించి మీ ఆఫీసుకి డ్రైవ్ చేసి, సాయంత్రం మళ్లీ ఆ ఇంటికే వెళ్లండి. స్టీరింగ్ ఆయన చేతికివ్వండి.

మేకల సంగతి. ఈ మాట నేనూ ప్రతి దీపావళి పార్టీలో వింటూనే ఉన్నాను. టెక్సస్‌లో వ్యవసాయ భూమికి మార్కెట్ రేటు మీద కాకుండా పంట రాబడి మీద విలువ కట్టి పన్ను వేసే పద్ధతి ఉంది, అందరూ 'ఆగ్ ఎగ్జెంప్షన్' అంటారు. దానికి ఆ భూమి గత ఏడేళ్లలో కనీసం ఐదేళ్లు వ్యవసాయంలో ఉండాలి. పశువుల సంఖ్య ఆ ప్రాంతంలో మామూలుగా ఎంత ఉంటుందో అంత ఉండాలి. ఇల్లున్న భాగానికి అది వర్తించదు. తేనెటీగలు పెంచుతామన్నా చట్టం ప్రకారం 5 నుంచి 20 ఎకరాలు కావాలి. రెండెకరాల్లో ఇల్లు, డ్రైవ్‌వే, సెప్టిక్ పోగా మిగిలిన చోట రెండు మేకల్ని కట్టేస్తే మీకు మిగిలేది మేక పెంటికలు. పైగా ఇప్పుడు ఆ స్థలానికి ఆగ్ పన్నే ఉండి, మీరు కొన్నాక వాడకం మారితే, గడిచిన మూడేళ్లకి తేడా మొత్తం కట్టమని రోల్‌బ్యాక్ బిల్లు వస్తుంది. అది ఎవరు కట్టాలో కాంట్రాక్టులో ముందే రాయించుకోవాలి.

మీరు మనసు మార్చుకుని ఫోర్నీ చుట్టుపక్కల కొత్త సబ్‌డివిజన్లో కొందామనుకుంటే అక్కడి ఉచ్చు వేరు, దాని పేరు మడ్, అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. నీళ్ల పైపులు, డ్రైనేజీ వేయడానికి బిల్డర్ పెట్టిన ఖర్చుని బాండ్ల రూపంలో తెచ్చి, ఆ ఇళ్లు కొన్నవాళ్ల ప్రాపర్టీ టాక్స్‌లోంచి ఏళ్ల తరబడి వసూలు చేసే జిల్లా అది. అన్నీ కలిపి 3 శాతం పడిందంటే 4 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 12,000, నెలకి 1,000. సొంతింట్లో ఉండేవాళ్లకిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు 1,40,000 డాలర్లకి పెరిగిందని సంతోషిస్తాం గానీ అది స్కూలు పన్నుకే, మడ్ పన్నుకి కాదు. కొత్త ఇల్లయితే ఇంకో తమాషా. మొదటి ఏడాది జనవరి 1న అక్కడ ఖాళీ స్థలమే ఉంటుంది కాబట్టి బిల్లు స్థలానికే వస్తుంది. పన్ను కట్టడానికి నెలనెలా మీ దగ్గర తీసి పక్కన పెట్టే ఎస్క్రో లెక్క బ్యాంకు దాని మీదే వేస్తే, రెండో ఏడాది ఇంటి విలువతో అసలు బిల్లు పడ్డాక నెలవారీ కిస్తీ ఒక్కసారిగా పెరుగుతుంది, వెనక బాకీ కూడా దాంట్లోనే కలుపుతారు. మా వీధిలో ఒక జంట ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికే పరిగెత్తుకొచ్చారు, మోసపోయామని. మోసమేమీ లేదు, సంతకం పెట్టిన కాగితాల్లో మడ్ నోటీసు కూడా ఉంది. ఎవరూ చదివి చెప్పలేదు, అంతే.

నేల గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీవారికి ఇది బాగా తెలుసు, తెలుసన్న సంగతి మర్చిపోయారు. సత్తెనపల్లి వైపు ఏ నేల? నల్లరేగడి. కాఫ్‌మన్ కౌంటీలో చాలా భాగం కూడా అదే జాతి నల్లమట్టి, బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. ఒకప్పుడు ఇక్కడా పత్తే. మట్టి శాస్త్రం పుస్తకాల్లో నల్లరేగడిని 'రెగుర్' అంటారు, అది మన రేగడ మాటే. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పత్తికి అది వరం. ఆ నేల మీద కాంక్రీట్ పలక పోసి ఇల్లు కడితే మాత్రం, ఆ ఇల్లు నేలతో పాటు ఊపిరి తీసి వదులుతుంది. మేం కొన్న రెండో ఏడాది ఆగస్టులో స్టోర్‌రూమ్ తలుపు పడటం మానేసింది. బయటికి వెళ్లి చూస్తే గోడకీ నేలకీ మధ్య పగుల్లో నా స్టీలు స్కేలు మూడొంతులు దిగింది. ఇప్పుడు జూన్ నుంచి పునాదికి ఒక అడుగున్నర దూరంలో చెమ్మ కారే పైపు చుట్టూరా పరిచి, ఇంటికి నీళ్లు పెడుతుంటాం. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు చూసి, "చేనుకి నీళ్లు పెట్టడం విన్నాం గానీ ఇంటికి పెట్టడమేమిటే" అని రెండు రోజులు నవ్వింది.

అందుకని ఏ ఇల్లు కొన్నా అమ్మేవాళ్లు చూపించే ఇన్‌స్పెక్షన్‌తో సరిపెట్టుకోకుండా మీ తరఫున ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పెట్టుకోండి. కొన్ని వందల డాలర్లు అవుతుంది. ఫౌండేషన్ సరిచేయించడం అంటే వేలల్లో మాట.

ఇదే బంకమట్టి నీళ్లు పీల్చదు కాబట్టి, సిటీ డ్రైనేజీ లేని చోట చాలా ఇళ్లకి ఏరోబిక్ సెప్టిక్ ఉంటుంది. మురుగుని గాలితో శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి, పెరట్లో స్ప్రింక్లర్‌తో చల్లుతుంది. మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఉండాలి, క్లోరిన్ బిళ్లలు వేస్తుండాలి. మా స్నేహితులొకరికి అలాంటి ఇల్లుంది. సత్యనారాయణ వ్రతానికి యాభై మంది వచ్చిన రోజు, సరిగ్గా నాలుగో కథ మధ్యలో, గరాజ్ పక్కన ఎర్ర లైటు వెలిగి అలారం మొదలైంది. పంతులుగారు ఆపకుండా ఇంకాస్త గొంతు పెంచారు. ప్రసాదం తిన్నవాళ్లని ఒక్కొక్కరినీ "బాత్‌రూమ్ మాత్రం అడక్కండి" అని బతిమాలి పంపారు.

మంచినీళ్లకి స్థలంలో మీటర్ ఇప్పటికే ఉందా అడగండి. ఫైర్ స్టేషన్ ఎన్ని మైళ్లో, మంటలార్పడానికి నీళ్లు పట్టుకునే హైడ్రెంట్ దగ్గర్లో ఉందో లేదో కూడా. ఐదు మైళ్లు దాటితే ఇన్సూరెన్స్ బాగా ఎక్కువ కావచ్చు. వడగళ్ల నష్టంలో మీరే పెట్టుకోవాల్సిన వాటా (డిడక్టిబుల్) ఇంటి విలువలో శాతంగా ఉంటుంది, అది చదవండి. టోర్నడోలు వస్తాయి, 2012 ఏప్రిల్ 3న ఫోర్నీకి వచ్చింది.

ఇప్పుడు మావయ్యగారి సంగతి. మీ ఉత్తరంలో ఆయనకి ఒకటిన్నర వాక్యం ఇచ్చారు. నా లెక్కలో ఈ నిర్ణయంలో సగం వాటా ఆయనది. ఆయన కొడుక్కి ఊరు గుర్తొస్తే పచ్చిక, ఆవులు గుర్తొస్తాయి. తండ్రికి గుర్తొచ్చేది రచ్చబండ. ఫ్రిస్కోలో సాయంత్రం పార్కుకి నడిచి వెళ్తే ఆయనలాంటి వాళ్లు నలుగురు బెంచీ మీద ఉంటారు, హనుమాన్ గుడికి ఎవరో ఒకరు కారెక్కించుకుంటారు. ఆ రెండెకరాల్లో గేటు దాటితే ఎఫ్‌ఎం రోడ్డు, దానికి ఫుట్‌పాత్ ఉండదు, అరవై మైళ్ల స్పీడులో ట్రక్కులు. డాలస్ ప్రాంతంలో తిరిగే డార్ట్ బస్సులూ రైళ్లూ ఫోర్నీకి రావు. ముందుగా ఫోన్ చేసి పిలిపించుకునే వ్యాను సర్వీసు ఉంది గానీ, తెలుగు తప్ప రాని పెద్దాయన ఫోన్ చేసి ఇంగ్లీషులో అడ్రసు చెప్పి ఎక్కుతారా? మా మావగారు వచ్చిన మొదటిసారి మూడు వారాలు పొలం చూసి మురిసిపోయారు. నాలుగో వారం నుంచి పొద్దున్న పదింటికి వరండాలో కూర్చుని పోస్టు బండి కోసం ఎదురుచూసేవారు. పోస్టావిడకి ఆయన భాష రాదు, ఆయనకి ఆవిడది రాదు. ఆ రెండు నిమిషాలూ ఆయనకి ఆ రోజు మొత్తం. అది గమనించడానికి మాకు చాలా రోజులు పట్టింది, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మరి ఎందుకు ఇక్కడే ఉన్నారు అంటారేమో. పిల్లలు సైకిళ్లేసుకుని తిరిగారు, రాత్రి చుక్కలు ఇంకా కనిపిస్తాయి, పాత కాపురస్తులు ఎదురొస్తే స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఒక్కటి లేపి పలకరిస్తారు. మొదట్లో తిడుతున్నారేమో అనుకున్నాను. పెద్ద గాలివాన తర్వాత ఫెన్స్ పడిపోతే మూడో ఇంటాయన ట్రాక్టర్ తెచ్చి ఎత్తిపెట్టాడు, డబ్బులు ఇస్తే కోప్పడ్డాడు. ఇదే ఆయన "మీరంతా వచ్చాక నా ట్రాక్టర్ రోడ్డెక్కాలంటే భయంగా ఉంది" అని కూడా అన్నాడు. రెండూ మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇలాంటి చోట బతకాలంటే ఆ రెండో మాట వినే ఓపిక ఉండాలి.

నా మాట: ఆ రెండెకరాలు ఇప్పుడు కొనకండి. ఫోర్నీ సిటీ లోపల ఒక స్కూలు సంవత్సరం అద్దెకి ఉండి చూడండి, వీలైతే మావయ్యగారు వచ్చే ఆరు నెలలూ అందులోనే పడేలా. పెద్దవాడికి మిడిల్ స్కూల్లో మార్పు కష్టమే, అందుకే జూన్‌లో మారండి. ఏడాది తర్వాత కూడా మీవారికి ఇదే ముచ్చట ఉండి, మీకు ఆ డ్రైవ్ అలవాటైతే కొనుక్కోండి. ధర కాస్త పెరిగితే పెరగనివ్వండి, తప్పు ఇల్లు అమ్ముకోవడానికి అయ్యే ఖర్చు కంటే అది తక్కువే. మీ ఆఫీసు మూడు రోజుల్ని ఐదు చేస్తుందన్న గుసగుస ఉంటే మాత్రం ఈ ఆలోచన అక్కడే ఆపేయండి.

'చిన్నచూపు' మాటకి వాదనకి దిగకండి. పల్లెటూరంటే ఆయనకి ఏం కావాలో ఒక కాగితం మీద రాయమనండి. మట్టిలో చేతులు పెట్టడమే అయితే దానికి రెండెకరాలు అక్కర్లేదు, మా పెరట్లో ఇరవై అడుగుల మడి చాలుతోంది. పిల్లలకి ఊరు చూపించడమే అయితే సత్తెనపల్లికి నాలుగు టికెట్లు ఇంకా చవక.

మునగచెట్టు సంగతికి నవ్వలేదు, నేనూ కొనేముందు అదే అడిగాను. ఎండాకాలంలో ఇంటి కప్పు ఎత్తు లేస్తుంది. మొదటి గట్టి చలికి కాండం నల్లబడి చస్తుంది. మొదలు దగ్గర ఆకూ గడ్డీ మందంగా కప్పి ఉంచితే చాలా ఏళ్లు ఏప్రిల్‌లో వేరునుంచి మళ్లీ చిగురిస్తుంది. 2021 ఫిబ్రవరి మంచుకి మాత్రం మాది వేరుతో సహా పోయింది. కాయలు కాసేలోపే చలి వచ్చేస్తుంది, ఆకుకూర కోసమే పెంచుకోవాలి. కరివేపాకు కుండీలోనే, నవంబర్‌లో ఇంట్లోకి. గోంగూర అయితే ఆ నల్లమట్టిలో మనిషెత్తు పెరుగుతుంది. ఆగస్టులో ఇటు వస్తే ఒక కట్ట ఇచ్చి పంపిస్తాను, ఎర్రది.